వెనక యాక్సిల్ రేషియో మార్పు: మా షెడ్డులో వినే అపోహలు, అసలు వాస్తవాలు

విశాఖ బీచ్ రోడ్డులో రాత్రిపూట రెండు బండ్లు పక్కపక్కన ఆగినప్పుడు పుట్టే జ్ఞానమంతా మర్నాడు పొద్దున్నే మా షెడ్డుకి వస్తుంది. "అన్నా, క్రౌన్ పినియన్ మార్చేస్తే బండి అదిరిపోతుందట కదా?" అంటారు. అదిరిపోవచ్చు. మోత కూడా పెట్టొచ్చు. ఏది జరుగుతుందన్నది చాలావరకు బిగించే చేతిలో ఉంటుంది. క్రౌన్ అంటే వెనక యాక్సిల్‌లో ఉండే పెద్ద గేరు, పినియన్ అంటే దాన్ని తిప్పే చిన్న గేరు.

అపోహ: రేషియో మారిస్తే పవర్ పెరుగుతుంది

ఒక్క హార్స్‌పవర్ కూడా పెరగదు. ఇంజన్ అదే, అది ఇచ్చేదీ అదే. మారేది చక్రం దగ్గరికి చేరే టార్క్, అంటే తిప్పే బలం. క్రౌన్‌కి 43 పళ్ళు, పినియన్‌కి 13 ఉంటే రేషియో, అంటే 43ని 13తో భాగిస్తే, 3.31. అది తీసి 41కి 11 ఉన్న 3.73 సెట్టు వేస్తే ప్రతి గేరులోనూ చక్రానికి అందే టార్క్ దాదాపు 12.7 శాతం పెరుగుతుంది. ఊరికే రాదు. అదే ఆర్‌పీఎం దగ్గర ప్రతి గేరులోనూ వేగం 11 శాతం తగ్గుతుంది. నంబర్ పెద్దదైతే టాప్ స్పీడ్ పెరుగుతుందని నమ్మేవాళ్ళు ఇప్పటికీ వస్తుంటారు. ఆఖరి గేరులో లాగే ఓపిక ఇంజన్‌కి ఎటూ లేని బండ్లలో టాప్ స్పీడ్ పెద్దగా మారకపోవచ్చు గానీ, మామూలుగా పికప్ పెరిగితే ప్రతి గేరులో స్పీడ్‌కి కోత పడుతుంది.

అపోహ: ఏ బండికైనా వేయించుకోవచ్చు

పోలో, స్విఫ్ట్, ఐ20 వాళ్ళు వచ్చి అడిగితే టీ తాగించి పంపిస్తాను. ఆ బండ్లకి ముందు చక్రాలే తిరుగుతాయి, వెనకవి దొర్లుతాయంతే. వాటిలో ఈ రేషియో ఇచ్చే ఆఖరి గేర్ల జత (ఫైనల్ డ్రైవ్) గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది. అది మార్చాలంటే గేర్‌బాక్స్ దించి విప్పాలి. ఆ పనీ వేరు, ఆ ఖర్చూ వేరు. ఈ మాటంతా మస్టాంగ్, పాత కాంటెస్సా, బీఎండబ్ల్యూ 3 సిరీస్ లాంటి వెనక చక్రాల బండ్లకే. అందులోనూ కొన్ని బీఎండబ్ల్యూల్లో క్రౌన్‌ని వెల్డింగ్ చేసేసి ఉంటారు కాబట్టి ఈ గేర్లుండే డిఫరెన్షియల్ మొత్తం మార్చడమే దారి. ఫోర్ వీల్ డ్రైవ్ జీపులకి ముందూ వెనకా రెండూ ఒకే రేషియోకి మార్చాలి. వెనకది ఒక్కటే మార్చి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేస్తే లోపల బిగుసుకుని ఏదో ఒకటి విరుగుతుంది.

అపోహ: రేషియో ఎంత ఎక్కువైతే బండి అంత ఫాస్ట్

రెండో గేరులో 108 దాకా వెళ్ళే బండి తీసుకోండి. దానికి 3.31 తీసి 3.73 వేస్తే రెండో గేరు 96 దగ్గరే అయిపోతుంది. అంటే 100 చేరకముందే మూడో గేరు వేయాలి. ఆ ఒక్క షిఫ్టులో పోయే టైమే మీరు డబ్బు పోసి కొనుక్కున్నదాన్ని తినేస్తుంది. ఇక 4.10 వేసి మొదటి గేరులో తొక్కితే టైరు రోడ్డుని పట్టుకోక అక్కడే తిరుగుతుంది. పాత టైర్ల మీద ఇంత పెద్ద రేషియో వేయించుకోవడం నాకు అర్థం కాని సరదా.

మైలేజీ గురించి మరీ భయపడే వాళ్ళకీ ఒక లెక్క. 255/40 ఆర్19 టైరు, గేర్‌బాక్స్‌లో టాప్ గేరు రేషియో 0.65 ఉన్న బండి 100 మీద వెళ్తుంటే ఇంజన్ 3.31తో నిమిషానికి సుమారు 1,660 సార్లు తిరుగుతుంది, 3.73తో 1,870, 4.10తో 2,060. రాజమండ్రి దాకా హైవేలో పోయినా ఇది పెద్ద టెన్షన్ కాదు. అదే టాప్ గేరు ఒకటికి ఒకటి ఉన్న బండిలో, అదే టైరుతో, 3.31 తీసి 4.10 వేస్తే 2,560 కాస్తా 3,170 అవుతుంది. అప్పుడు పెట్రోలూ తెలుస్తుంది, చెవులకీ తెలుస్తుంది. అరకు ఘాట్ ఎక్కేవాళ్ళకి మాత్రం పొట్టి గేర్లు, అంటే పెద్ద నంబర్ రేషియో, హాయి. మాటిమాటికీ గేరు దించాల్సిన పని తగ్గుతుంది.

అపోహ: గేర్లు మార్చాక కాస్త ఊళ వేయడం మామూలే

ఈ మాట అనే మెకానిక్ దగ్గర తాళాలు తీసుకుని బయటికి వచ్చేయండి. రేసు కోసమే చేసిన కొన్ని సెట్లు మోత చేస్తాయి, అది వేరు సంగతి. రోడ్డు బండి సెట్టు సరిగ్గా కూర్చుంటే చప్పుడు దాదాపు ఉండదు.

క్రౌన్, పినియన్ రెండూ ఫ్యాక్టరీలో ఒకదానికొకటి అరగదీసిన జత. చాలా సెట్ల మీద జత నంబర్ చెక్కి ఉంటుంది. ఒక సెట్టు క్రౌన్, ఇంకో సెట్టు పినియన్ కలిపితే ఏ మెకానిక్కూ నిశ్శబ్దం తేలేడు. బిగించాక డయల్ గేజ్ పెట్టి ప్లే, అంటే పళ్ళ మధ్య ఖాళీ, చూస్తాం. చాలా యాక్సిళ్ళకి అది 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, కానీ మీ బండి మాన్యువల్ చెప్పిందే వేదం. తర్వాత పళ్ళకి అచ్చు చూసే పసుపు రంగు పేస్టు పూసి, క్రౌన్‌కి కాస్త అడ్డం పెట్టి బరువు మీద రెండు వైపులా తిప్పి అచ్చు చూస్తాం. అచ్చు పంటి మధ్యలో కోలగా పడాలి. పంటి పై అంచుకి ఎక్కితే పినియన్ దూరంగా ఉన్నట్టు, మొదలుకి దిగితే మరీ దగ్గరికి వెళ్ళినట్టు. పినియన్ ఎంత లోపలికి కూర్చోవాలో సరిచేసే పల్చటి వాషర్ (షిమ్) మార్చాలంటే చాలా బండ్లకి మళ్ళీ పినియన్ బయటికి తీసి, బేరింగ్ లాగి, మొత్తం మొదటికి రావాలి. సాయంత్రానికి ఇచ్చేస్తానన్న చోట ఎగ్గొట్టేది సరిగ్గా ఈ పనే.

పినియన్ నట్టు దగ్గర ఇంకో మోసం ఉంది. లోపల నలిగే స్లీవ్ ఉండే బండ్లలో నట్టు కొంచెం కొంచెంగా బిగిస్తూ పినియన్ తిప్పడానికి ఎంత బలం పడుతోందో కొలవాలి. ఎక్కువ బిగిసిపోతే నట్టు వెనక్కి తిప్పి సరిపెట్టకూడదు, కొత్త స్లీవ్ వేయాలి. ఎయిర్ గన్‌తో ఒక్క గుద్దు గుద్ది వదిలేస్తే బేరింగ్ ఎక్కువ కాలం బతకదు.

ఊళ వచ్చాక చిక్కటి 140 నంబర్ ఆయిల్ పోస్తే పోతుందంటారు. చప్పుడు కొన్నాళ్ళు అణుగుతుందేమో, పళ్ళు అరగడం ఆగదు.

అపోహ: బిగించిన రోజే తొక్కొచ్చు

కొత్త పళ్ళు మొదట్లో బాగా వేడెక్కుతాయి. ఎండాడ నుంచి భీమిలి వైపు పదిహేను, ఇరవై నిమిషాలు మెల్లగా నడిపి, బండి ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. ఇలా కొన్నిసార్లు చేయాలి. మొదటి 800 కిలోమీటర్లు ఫుల్ థ్రాటిల్ వద్దు, లోడుతో ఘాట్ వద్దు. ఆ తర్వాత ఆయిల్ మార్చండి. ఒక్క చక్రమే జారి తిరగకుండా ఆపే, క్లచ్ ప్లేట్లున్న లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అయితే ఆయిల్‌తో పాటు దానికి చెప్పిన అడిటివ్ కూడా పడాలి.

మన ఊళ్ళో ఇంకో జాగ్రత్త. ఉప్పు గాలికి యాక్సిల్ బ్రీదర్ (లోపలి గాలి బయటికి పోయే దారి) తుప్పు పట్టి మూసుకుపోతే లోపలి ఒత్తిడికి సీలు దగ్గర ఆయిల్ కారుతుంది. వేడిగా ఉన్న యాక్సిల్ వాన నీళ్ళలో మునిగితే చటుక్కున చల్లారి, సీళ్ళ దగ్గరో బ్రీదర్‌లోంచో నీళ్ళు లోపలికి లాక్కుంటుంది. ఆయిల్ పాలలా తెల్లబడితే వెంటనే మార్చేయండి.

అపోహ: గేర్లు మార్చేస్తే పని అయిపోయినట్టే

గేర్‌బాక్స్ నుంచి వేగం చదివే పాత బండ్లలో 3.31 తీసి 3.73 వేస్తే, అసలు వేగం 100 ఉన్నప్పుడు సూది 113 చూపిస్తుంది. చక్రాల సెన్సార్ల నుంచి చదివే బండ్లలో మీటరు సరిగ్గానే ఉండొచ్చు. కానీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కంప్యూటర్‌కి లెక్క కుదరక షిఫ్టులు తేడా కొట్టడం, చెక్ ఇంజన్ లైటు వెలగడం జరుగుతాయి. మీ బండి కంప్యూటర్‌లో రేషియో మార్చగల ట్యూనర్ దొరుకుతాడో లేదో సెట్టు ఆర్డర్ చేయక ముందే కనుక్కోండి. బిగించాక కనుక్కుంటే, ఆ ట్యూనర్ దొరికేదాకా బండికి మా షెడ్డే పార్కింగ్.