నీలం లైటూ, మాగాయ ముక్కా

చిన్నూ, బుజ్జీ,

"నీళ్ల ఫిల్టర్లో నీలం లైటు వెలుగుతూనే ఉంది కదా తాతయ్యా, ఆ బాగుచెయ్యడానికి వచ్చినాయన ట్యూబు మార్చాలంటాడేమిటి, డబ్బుల కోసమేనా?" అని మొన్న ఫోన్లో గొంతు తగ్గించి అడిగావు చూడు చిన్నూ, అది మీ నాన్న అనుమానం కూడా అయ్యుంటుంది.

కనిపించే నీలం వేరు, క్రిముల పని పట్టే వెలుగు వేరు. రెండోది 254 నానోమీటర్ల (వెలుగు అల పొడవది) అతినీలలోహిత కాంతి, మన కంటికి ఆనదు. ఏడాది వెలిగాక నీలం చూడ్డానికి అలాగే ఉంటుంది, ఆ కనపడనిది మాత్రం తగ్గిపోతుంది. మరి కనపడనిదాన్ని కొలిచేదెలా?

మా నాయనమ్మ మాగాయ ముక్కలు డాబా మీద చాప పరిచి ఎండబోసేది. "రెండ్రోజులైందిగా, ఇంక తీసెయ్" అని తాత అంటే, "రోజులు కాదండీ, ముక్కనడగాలి" అని ఒకటి తీసి వేళ్ల మధ్య నొక్కి చూసేది. రోహిణి కార్తె ఎండ ఒక్క పూటలో చేసే పని మబ్బెండ మూడు రోజులైనా చెయ్యదు. పిట్టగోడ నీడన పడ్డ ముక్క, అదే చాప మీద ఉండి కూడా మెత్తగానే ఉండేది. ఎండ ఎంత కాసిందని కాదు, ముక్కకి ఎంత తగిలిందన్నదే లెక్క. దాన్నే డోసు అంటారు. వెలుగు తీవ్రతని అది తగిలిన సేపుతో గుణిస్తే వచ్చేది. (ముక్క ఎండేది వేడికీ గాలికీ, ఇక్కడ వేడితో పని లేదు. ఆ తేడా ఇవాళ్టికి వదిలేద్దాం.)

కెమిస్టులు ముక్క బదులు పొటాషియం అయొడైడ్, పొటాషియం అయొడేట్ కలిపిన నీళ్లు పెడతారు, కాస్త బోరాక్స్ వేసి. చూస్తే మంచినీళ్లే. ఆ 254 వెలుగు తగిలేకొద్దీ పసుపెక్కుతాయి. అందులో పుట్టే ట్రైఅయొడైడ్, అంటే మూడేసి అయొడిన్లు జట్టుకట్టినది, దాని రంగది. నూరు కాంతి రేణువులు పడితే సుమారు 73 ట్రైఅయొడైడ్లు పుడతాయని ముందే తేల్చి ఉంచారు. కాబట్టి పసుపు ఎంత చిక్కబడిందో స్పెక్ట్రోఫోటోమీటర్లో (రంగు చిక్కదనాన్ని కొలిచే పరికరం) 352 నానోమీటర్ల దగ్గర చూసి, ఎన్ని రేణువులు పడ్డాయో వెనక్కి లెక్కేస్తారు. నాకు భలే నచ్చేదేమిటంటే, గదిలో ట్యూబులైటు ఎంత వెలిగినా ఆ నీళ్లు చలించవు! మామూలు గాజు గిన్నె మాత్రం పనికిరాదు, ఆ వెలుగుని ఆపేస్తుంది. క్వార్ట్జ్ పాత్రయినా ఉండాలి, మూత లేని గిన్నెలో పైనుంచయినా పడాలి.

తాగేనీళ్లకి చదరపు సెంటీమీటరుకి 40 మిల్లీజౌళ్ల డోసు తగలాలని చాలాచోట్ల పాటిస్తారు. నీళ్లలో మురికి ఉందా, మళ్లీ పిట్టగోడ నీడే.

అయొడిన్ అంటే గుర్తొచ్చింది. నాలుగో క్లాసులో సైకిలు మీంచి పడితే కాంపౌండరు మోకాలికి టింక్చరు రాశాడు. చర్మం మీద గోధుమరంగు. కారి నిక్కరు అంచుకి తగిలిన చోట మాత్రం నల్లటి నీలం! అమ్మ గంజి పెట్టిన నిక్కరది. మంట మర్చిపోయి మరకనే చూస్తూ కూర్చున్నా. ఇంటికెళ్లి సిరా పడిందని అబద్ధం చెప్పాన్లెండి, మీరు అలా చెయ్యకండి.

ఇక ఫిల్టరు సంగతి. ఆయన నిజమే చెప్పాడో లేదో నీలాన్ని చూసి తేల్చలేం. ట్యూబు పెట్టిన తారీఖు చూడమని నాన్నకి చెప్పు. ఇలాంటివి సుమారు 9,000 గంటలు పనికొస్తాయంటారు, రోజంతా వెలిగితే అది ఏడాది.

మూత తీసి ట్యూబుకేసి మాత్రం చూడకండి, కళ్లు దెబ్బతింటాయి. దాని బదులు అన్నం వార్చిన గంజి చల్లారాక గ్లాసులో కాస్త పోసి, అమ్మనడిగి ఒక్క చుక్క బెటాడిన్ (అదీ అయొడిన్ మందే) వెయ్యండి. ఇంకో చుక్క మంచినీళ్లలో. తరవాత ఆ గంజి గ్లాసుని అమ్మ చేత వేడినీళ్ల గిన్నెలో పెట్టించి, మళ్లీ చల్లారేదాకా కదలకుండా చూడండి. ఏమైందో ఆదివారం ఫోన్లో చెప్పాలి, బుజ్జి ముందు.

మీ
తాతయ్య