.22 రైఫిల్ కొనేముందు: అపోహలు - వాస్తవాలు

షూటింగ్ నేర్చుకునే రేంజ్‌కి కొత్తగా వచ్చినవాళ్లు మొదట అడిగే ప్రశ్న "సార్, ఏ కంపెనీ రైఫిల్ కొనమంటారు?" అమెరికాలో ఉన్న మనవాళ్లు ఫోన్ చేసి అడిగేదీ అదే. అడిగేనాటికే వాళ్ల బుర్రలో ఎవరో చెప్పిన నాలుగు మాటలు పాతుకుపోయి ఉంటాయి. అవి చాలావరకు పోలీసు తుపాకీ గురించో, సైన్యం తుపాకీ గురించో, సినిమాలో స్నైపర్ గురించో విన్నవి. పెద్ద తుపాకీ లెక్కలు తెచ్చి .22కి అతికిస్తే డబ్బు పోతుంది, రెండేళ్ల సాధన కూడా పోతుంది. పిల్లల్ని చూస్తున్నాను కాబట్టి బాధతోనే చెబుతున్నాను.

ముందు ఒక్క విషయం తెలిస్తే మిగతావి తేలిగ్గా అర్థమవుతాయి. .22 అంటే సుమారు 0.22 అంగుళాల వ్యాసమున్న తూటా, దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. పెద్ద తూటాకి అడుగున మధ్యలో విడిగా ప్రైమర్, అంటే మందును అంటించే చిన్న మూత, ఉంటుంది. దీనికి ఉండదు. ఇత్తడి కేసు (తూటా తొడుగు) అడుగున చుట్టూ ఉన్న పల్చటి అంచులోనే అంటుకునే రసాయనం పూసి ఉంటుంది. ఫైరింగ్ పిన్ ఆ అంచును నలిపితే లోపలి మందు అంటుకుంటుంది. అంచు పల్చగా ఉండాలి కాబట్టి లోపల ఒత్తిడి ఎక్కువ పెట్టలేరు. కాల్చిన కేసును మళ్లీ నింపుకోలేం. ఫ్యాక్టరీ ఏది చేసి ఇస్తే అదే మన తూటా. 1857లో స్మిత్ అండ్ వెసన్ వాళ్లు .22 షార్ట్ తెచ్చారు. మనం ఇప్పుడు వాడే .22 లాంగ్ రైఫిల్ 1887 నుంచి ఉంది. ఇన్నేళ్లలో పనితీరు పెద్దగా మారలేదు.

అపోహ: ఇది పిల్లల తుపాకీ, పెద్ద ప్రమాదమేమీ ఉండదు

మనలో చాలామంది మొదటిసారి .22 పట్టుకున్నది ఎన్‌సీసీ క్యాంపులోనే. బోర్లా పడుకుని, అక్కడిచ్చే డీలక్స్ అనే .22 రైఫిల్ బుజానికి ఆనించి, పాతిక గజాల దూరంలోని టార్గెట్ మీద ఐదు రౌండ్లు. వెనక్కి తన్నదు, చప్పుడు కూడా తక్కువే. అందుకే ఇది మెత్తనిదనే భావన మనసులో నిలిచిపోతుంది.

రెండున్నర గ్రాముల పైచిలుకు బరువున్న ఆ సీసపు గుండు, గొట్టం కాస్త పైకెత్తి కాలిస్తే దాదాపు రెండు కిలోమీటర్లు వెళ్లగలదు. మనిషి ప్రాణం తీయడానికి దానికి చాలినంత బలం ఉంది. ఇంకో గుణం కూడా ఉంది. వేగం తక్కువ, ముక్కు గుండ్రం కావడంతో నీళ్ల మీద, రాతి మీద, గట్టి నేల మీద పడితే చిల్లపెంకు కప్పగంతులు వేసినట్టు లేచి పక్కకి పోతుంది. చెరువు గట్టున, గుట్ట పక్కన "ఖాళీ జాగానే కదా" అని కాల్చడం ఎంత తప్పో దీన్నిబట్టి ఆలోచించండి. గుండును ఆపే మట్టికట్ట వెనక లేకపోతే ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు.

అంచులో రసాయనం ఒక్కోసారి సమంగా పరచుకోదు. అప్పుడు పిన్ కొట్టినా తూటా పేలదు. వెంటనే బోల్ట్ (తూటాను లోపల మూసి ఉంచే కడ్డీ) తెరవకండి. గొట్టాన్ని టార్గెట్ వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే తూటాలు అరుదే అయినా, ఉన్నాయి.

అపోహ: గుండు ఎంత వేగంగా పోతే గురి అంత బాగా కుదురుతుంది

డబ్బా మీద 'హై వెలాసిటీ' అని చూడగానే అదే మంచిదనుకుంటారు. 50 మీటర్ల రైఫిల్ పోటీల్లో ప్రపంచ స్థాయి షూటర్లు వాడే తూటాలు మాత్రం నెమ్మదివి, సెకనుకు 320, 330 మీటర్ల దగ్గర ఉంటాయి. కావాలనే అలా చేస్తారు.

గాలిలో శబ్దం వేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. హై వెలాసిటీ తూటా 380 దగ్గర బయల్దేరి, దారిలో వేగం తగ్గుతూ శబ్దవేగపు గీత దాటి కిందికి వస్తుంది. ఆ దాటే చోట గుండు చుట్టూ గాలి ఒత్తిడి చెదిరిపోతుంది, గుండు కుదురు తప్పుతుంది. నెమ్మది తూటా మొదటినుంచీ గీత కిందే ఉంటుంది కాబట్టి దానికి ఆ కుదుపు లేదు.

కొత్తవాళ్లు ఓ పట్టాన నమ్మని సంగతి ఇంకొకటి. పక్కగాలి వీస్తున్నప్పుడు వేగమైన .22 గుండే ఎక్కువ పక్కకి పోతుంది. త్వరగా చేరుతుంది కదా, గాలి పట్టు తక్కువ ఉండాలి కదా అంటారు. గాలి గుండును ఎంత జరుపుతుందన్నది అది దారిలో ఎంత వేగం కోల్పోయిందన్నదాన్ని బట్టి ఉంటుంది. శబ్దవేగం దాటి బయల్దేరిన .22 గుండు ఆ వేగాన్ని గబగబా పోగొట్టుకుంటుంది. నమ్మకం కుదరకపోతే గాలి ఉన్న రోజు వంద మీటర్ల లైన్‌లో రెండు రకాలూ పదేసి కాల్చి చూడండి.

అపోహ: మంచి రైఫిల్ ఉంటే చాలు, తూటా ఏదైనా ఒకటే

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే మాట ఇది.

50 మీటర్ల టార్గెట్‌లో పదో రింగు వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. బొటనవేలి గోరంత కూడా ఉండదు. తూటాలో మందు రవ్వంత అటూ ఇటూ అయినా, గుండు మీది మైనపు పూత తేడాగా ఉన్నా ఆ రింగు దాటిపోతుంది. అందుకే ఎలీ, లాపువా, ఆర్‌డబ్ల్యూఎస్ లాంటి తయారీదార్లు ప్రతి విడతకూ ఒక లాట్ నంబరు వేస్తారు. ఒకే పేరు, ఒకే డబ్బా, ఒకే ధర ఉన్నా లాట్ మారితే మీ గొట్టంలో ఫలితం మారుతుంది. పెద్ద షూటర్లు ఇలాంటి కంపెనీల పరీక్షా రేంజ్‌లున్న ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కో, జర్మనీలోని షోనెబెక్‌కో తమ రైఫిల్ తీసుకెళ్లి, బిగింపులో పెట్టి లాట్ తర్వాత లాట్ కాల్చి చూసి, కుదిరిన లాట్‌ను ఏడాదికి సరిపడా కొనుక్కుంటారు.

ఒకసారి మా దగ్గరున్న ఒకే రకం తూటాల నాలుగు లాట్లను ఒకే రైఫిల్‌లో పెట్టి కాల్చాం. రెండు లాట్లు పది రౌండ్లకు చక్కగా ఒక్క రంధ్రంలా పడ్డాయి. ఒకటి పర్వాలేదు. నాలుగోది టార్గెట్ మీద చిల్లులు చల్లినట్టు పడింది. ఆ నాలుగో లాట్‌తోనే ఒక అమ్మాయి అంతకుముందు ఆరు వారాలుగా సాధన చేస్తోంది. స్కోరు పడిపోతోందని ఏడ్చి, పోజిషన్ రెండుసార్లు మార్చుకుంది. తప్పు ఆమెది కాదని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అప్పటినుంచి ఎవరి స్కోరు పడినా ముందు డబ్బా మీది లాట్ నంబరే చూస్తాను.

మన దగ్గర కోరిన లాట్ కోరినంత దొరకదు, నిజమే. అయినా దొరికినవాటిని విడివిడిగా రాసి పెట్టుకోవచ్చు. బాగా పడినదాన్ని పోటీకి దాచి, మిగతాది సాధనకు వాడుకోవచ్చు. రైఫిల్ మీద పెట్టే డబ్బులో ఒక వంతు తగ్గించుకుని తూటాల మీద పెట్టమని నేను గట్టిగా చెబుతాను.

అపోహ: గొట్టం పొడుగైతే గురి పెరుగుతుంది

.22లో ఉండేది చిటికెడు మందు. పదహారు అంగుళాల గొట్టం లోపలే అది దాదాపు చేయగలిగిందంతా చేసేస్తుంది. టార్గెట్ రైఫిళ్లకు పొడవు ఎందుకంటే, ముందు సైటుకీ వెనక సైటుకీ దూరం పెరిగి గురిలో తప్పు త్వరగా కంటపడుతుందని. స్కోపు పెట్టుకునేవాళ్లకు ఆ లాభం కూడా లేదు.

అపోహ: అన్నీ .22లే కదా, ఏ తూటా అయినా పడుతుంది

పడదు, పెట్టకూడదు కూడా. .22 మ్యాగ్నమ్ 1959లో వచ్చిన వేరే తూటా, దాని కేసు లావు. లాంగ్ రైఫిల్ తూటాను మ్యాగ్నమ్ చాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) పెడితే వదులుగా దూరుతుంది, పేలితే కేసు చీలి వేడి వాయువు మొహం మీదికి రావచ్చు. గొట్టం మీద ఏం చెక్కి ఉందో చదివి, డబ్బా మీద అదే ఉందా చూసుకోండి.

అపోహ: స్కోపు ఎంత పెద్దదైతే అంత మంచిది

అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య ఐఎస్‌ఎస్‌ఎఫ్ నడిపే 50 మీటర్ల రైఫిల్ పోటీలో స్కోపుకు అనుమతే లేదు. చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైటే వాడాలి. పిల్లల్ని ఆ దారిలో పంపాలనుకుంటే స్కోపు మీద ఖర్చు వృథా. బెంచ్ మీద సరదాకి కాల్చేవాళ్లు, వేటకు వెళ్లేవాళ్లు చూసుకోవాల్సింది పారలాక్స్. పెద్ద రైఫిల్ స్కోపులు సాధారణంగా వంద గజాలకో, ఆ పైనో సరిచేసి ఉంటాయి. అది పెట్టి యాభై గజాల్లో కాలిస్తే, కన్ను కాస్త జరిగినా క్రాస్ గీతలు టార్గెట్ మీద జరిగినట్టు కనిపిస్తాయి. రిమ్‌ఫైర్ కోసమే చేసినది, లేదా దూరం సర్దుకునే వీలున్నది తీసుకోండి.

అపోహ: చిన్న జంతువులే కాబట్టి వేటాడితే ఏం కాదు

ఇక్కడ రెండు దేశాల సంగతి విడివిడిగా చెప్పాలి.

మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. చెవులపిల్లి అయినా, కౌజు అయినా, నెమలి అయినా కాల్చడం నేరం. చేతిలో .22 ఉందా, లైసెన్సు అక్కర్లేని ఎయిర్‌గన్ ఉందా అన్నదాంతో సంబంధం లేదు. తుపాకీ లైసెన్సు ఉంటే వేట లైసెన్సు ఉన్నట్టు కాదు. పంట పాడుచేసే అడవి పందుల విషయంలో కూడా ప్రభుత్వం అనుమతి ఇచ్చిన షూటర్లే కాల్చాలి. దానికి .22 అసలు పనికిరాదు. గాయపడ్డ పంది నరకం అనుభవిస్తుంది, ఎదురు తిరిగితే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి ఇక్కడ .22 కొనేది టార్గెట్ కోసమే. దానికి ఆయుధ లైసెన్సు తప్పనిసరి. 4.5 మి.మీ. బోర్, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి మాత్రం లైసెన్సు అక్కర్లేదు. పిల్లల్ని దానితోనే మొదలుపెట్టించడం మేలు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే.

అమెరికాలో వేరు. మనకి ఉడుత అనగానే దాని వీపు మీద రాముడి వేళ్ల గీతలు గుర్తొస్తాయి. అక్కడ చాలా రాష్ట్రాల్లో ఉడుతకీ, కుందేలుకీ వేట నిబంధనలు రాసి ఉన్నాయి, లైసెన్సు ఇస్తారు, మాంసం ఇంటికి తెచ్చి వండుకుంటారు. మనవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది వీసా సంగతి. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు కొన్నే. వాటిలో ముఖ్యమైనది రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. స్నేహితుడు కొన్నాడు కదా, మనమూ కొందాం అనుకోకండి. అతనికి గ్రీన్ కార్డు ఉండొచ్చు. ముందు లాయర్ని అడగండి. ఇండియా వచ్చేటప్పుడు బ్యాగు మూలమూలలా వెతుక్కోండి. రేంజ్‌కి వాడిన బ్యాగులో ఒక్క తూటా మిగిలినా విమానాశ్రయంలో కేసవుతుంది.

ఇక అక్కడ వేటకు ఏది కొనాలి? 2002లో వచ్చిన .17 హెచ్‌ఎంఆర్ అనే రిమ్‌ఫైర్ తూటా చాలా వేగమైనది, వంద గజాలు దాటినా తిన్నగా పోతుంది. కానీ ఒంట్లో తగిలితే తినే మాంసం ఛిద్రమవుతుంది. కుందేలు, ఉడుతలకు యాభై గజాల లోపు .22 లాంగ్ రైఫిల్, హాలో పాయింట్ (ముక్కులో గుంట ఉన్న) గుండు నాకు సరైనవిగా తోస్తాయి. దూరం విషయంలో నాది ఒకటే పట్టు. బెంచ్ మీద కాదు, చెట్టుకు ఆనుకునో, మోకాలి మీద కూర్చునో ఐదు రౌండ్లు కాల్చండి. ఐదూ నాలుగు సెంటీమీటర్ల వృత్తంలో పడే దూరం ఎంతో అదే మీ హద్దు. అది ముప్పై గజాలైతే ముప్పై గజాలే. యాభై గజాలకు సైటు కట్టిన నెమ్మది తూటా వంద గజాలకు పదిహేను, ఇరవై సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. ఊహించి కాలిస్తే ఆ జంతువు చావదు, గాయంతో పొదల్లోకి పోతుంది.

అపోహ: కాల్చిన ప్రతిసారీ గొట్టం తళతళలాడేలా తుడవాలి

.22 సీసపు గుండు, మైనపు పూత గొట్టాన్ని పెద్దగా అరగదీయవు. ఇనుప కడ్డీని ముందు నుంచి దూర్చి రుద్దేవాళ్లే గొట్టం మూతిని పాడుచేస్తారు. చాంబర్ వైపు నుంచి, పూత ఉన్న కడ్డీతో, కడ్డీ పక్కలకు రాసుకోకుండా గైడ్ పెట్టి తుడవండి. చాంబర్ ముందు గట్టిపడే మసి వలయాన్ని మాత్రం వదలొద్దు. తుడిచాక మొదటి పది, ఇరవై రౌండ్లు చెదురుతాయి. పోటీ ముందురోజు రాత్రి శుభ్రం చేసి తెల్లారి నేరుగా ఫైరింగ్ లైన్‌కి రాకండి.

ఖాళీ చాంబర్‌తో ట్రిగ్గర్ నొక్కే సాధన మంచిదే. కానీ కొన్ని రిమ్‌ఫైర్ రైఫిళ్లలో పిన్ నేరుగా చాంబర్ అంచును కొట్టి గంటు పెడుతుంది. మాన్యువల్ చూడండి, లేదా స్నాప్ క్యాప్ (మందు లేని నకిలీ తూటా) వాడండి.

అపోహ: ఛాంపియన్ వాడిన రైఫిల్ మనకీ పనికొస్తుంది

2024 పారిస్‌లో స్వప్నిల్ కుశాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో (మోకాలి మీద, బోర్లా, నిలబడి కాల్చే పోటీ) కాంస్యం గెలిచాక మా దగ్గరికి వచ్చిన పిల్లల్లో సగం మంది ఆయన రైఫిల్ పేరు అడిగారు. రైఫిల్ చెప్పులాంటిది, ఎవరి కాలి కొలత వాళ్లదే. నేను మొదట కొన్నది ఒక సీనియర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో. మంచి జర్మన్ రైఫిల్, గొట్టం అద్భుతం. ఆయన నాకన్నా అరడుగు పొడుగు. స్టాక్ (బుజానికి ఆనించే వెనక భాగం) పొట్టి చేసుకునే వీలు లేదు. ఏడాదంతా మెడ ముందుకి సాచి కాల్చాను. స్కోరు కదల్లేదు, మెడ నొప్పి మాత్రం మిగిలింది. తర్వాత అంతకన్నా చవకైన, బుజానికి ఆనే బట్ ప్లేటు, చెంప ఆనే చీక్ పీస్ రెండూ సర్దుకునే వీలున్న రైఫిల్‌కి మారాక మూడు నెలల్లో తేడా కనిపించింది.

పరీక్ష చాలా సులువు. కళ్లు మూసుకుని రైఫిల్ బుజానికి ఎత్తుకోండి, చెంప ఆనించండి, ఊపిరి వదలండి. కళ్లు తెరిచినప్పుడు తల కదపకుండానే సైటు ఎదురుగా ఉండాలి. లేకపోతే ముందు సర్దండి. సర్దడానికి వీల్లేకపోతే ఎంత పేరున్న కంపెనీదైనా వదిలేయండి. ఎడమచేతి వాటం పిల్లలకు కుడిచేతి బోల్ట్ అంటగట్టకండి. ఎదిగే పిల్లలకైతే పొడవు పెంచుకునే స్టాక్ ఉండి తీరాలి. ఇంకా ఒకటి: కొనేముందు కనీసం మూడు నెలలు క్లబ్బు రైఫిళ్లతో కాల్చండి. గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని రేంజ్ అయినా, మీ ఊళ్లో ఉన్న రైఫిల్ క్లబ్ అయినా సరే. లైసెన్సు పని సాగుతున్నన్ని నెలలు ఎలాగూ ఆగాలి, ఆ సమయాన్ని ఇందుకే వాడుకోండి. అప్పుడు వచ్చి అడగండి ఏ కంపెనీదని. మీ చేతుల కొలత, మీ మెడ పొడవు చూసి చెబుతాను.