కొత్త మేనేజర్ వస్తే జట్టు నిజంగా మారుతుందా?

2015 అక్టోబర్ 8న జర్మనీలోని డార్ట్‌మండ్ నుంచి ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌కి ఒక చిన్న ప్రైవేట్ విమానం బయల్దేరింది. విమానాల రాకపోకల్ని మ్యాప్ మీద చూపించే వెబ్‌సైట్‌లో వేలమంది దాన్నే చూస్తూ కూర్చున్నారు. ఆ విమానంలో వస్తున్నది యుర్గెన్ క్లోప్, లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్‌కి కొత్త మేనేజర్, అంటే జట్టుని ఆడించే ప్రధాన కోచ్. ఇంకా ఒక్క మ్యాచ్ కూడా ఆడించలేదు, ఒక్క ఆటగాడినీ కొనలేదు. ఆ రాత్రి ఊళ్లో మాత్రం పండగ.

అంతకు నాలుగు రోజుల ముందే, ఎవర్టన్‌తో 1-1 డ్రా అయిన సాయంత్రం, పాత మేనేజర్ బ్రెండన్ రోడ్జర్స్‌ని క్లబ్ తీసేసింది. 20 జట్ల ప్రీమియర్ లీగ్‌లో, అంటే ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్‌లో, లివర్‌పూల్ అప్పుడు పదో స్థానంలో ఉంది. ఇంగ్లండ్ చాంపియన్‌గా 18 సార్లు నిలిచిన క్లబ్‌కి చివరి టైటిల్ వచ్చింది 1990లో. ఇరవై అయిదేళ్ల నిరీక్షణలో ఉన్న మనుషులకు ఒక కొత్త పేరు వినిపిస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి ఫుట్‌బాల్ తెలియాల్సిన అవసరం కూడా లేదు. అయితే ఆ సంతోషానికి మెదడులో ఒక మూలం ఉంది. ఆ తర్వాత మైదానంలో వచ్చే ఫలితాల వెనక మరో లెక్క ఉంది. చాలామంది ఈ రెంటినీ కలిపేస్తారు. విడదీసి చూస్తేనే మేనేజర్ పనితనం ఎంతో, అదృష్టం ఎంతో, అభిమానుల వాటా ఎంతో తెలుస్తుంది.

ముందు సంతోషం సంగతి. స్విట్జర్లాండ్‌లో పనిచేసిన వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ అనే నాడీశాస్త్రజ్ఞుడు కోతుల మెదళ్లలో డోపమైన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాలను గమనించాడు. కోతి నోట్లో అనుకోకుండా పళ్లరసం చుక్క పడితే ఆ కణాలు ఒక్కసారిగా స్పందించాయి. ముందు ఒక లైటు వెలిగించి, ఆ తర్వాతే రసం ఇవ్వడం అలవాటు చేశాక ఆ స్పందన రసం నుంచి లైటుకి మారిపోయింది. రసం వచ్చినప్పుడు పెద్దగా ఏమీ లేదు, లైటు వెలగ్గానే ఉత్సాహమంతా. లైటు వెలిగాక రసం రాకపోతే, సరిగ్గా అది రావాల్సిన క్షణంలో ఆ కణాలు మందగించాయి. అంటే ఈ కణాలు లెక్కగట్టేది వచ్చిన ఫలాన్ని కాదు, అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడాని. డార్ట్‌మండ్‌కి రెండు వరుస జర్మన్ లీగ్ టైటిళ్లు తెచ్చిన మనిషి మన క్లబ్‌కి వస్తున్నాడన్న వార్త, అభిమానికి ఆ లైటు లాంటిదే అనుకుంటున్నాను. కప్పు రావడానికి ఏళ్లు పట్టొచ్చు. సంతోషం మాత్రం వార్తతోనే వచ్చేస్తుంది.

దీన్ని ఉత్త పిచ్చి అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆట అభిమాని ఒంటి మీద కూడా పనిచేస్తుంది. 2006 ప్రపంచ కప్ జర్మనీలో జరిగినప్పుడు మ్యూనిక్ ప్రాంతంలోని వైద్యులు గుండె సమస్యలతో వచ్చిన అత్యవసర కేసులను లెక్కపెట్టారు. జర్మనీ జట్టు ఆడిన రోజుల్లో అవి మామూలు రోజులకంటే 2.66 రెట్లు ఎక్కువ. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఈ టెన్షన్ ప్రాణం మీదికి తేగలదు. ఇంత బలంగా పట్టుకునే విషయాన్ని తేలిగ్గా తీసుకోవడం సరికాదు.

ఇప్పుడు ఫలితాలు. జట్టు వరసగా ఓడిపోతుంది, మేనేజర్‌ని తీసేస్తారు, కొత్తవాడు వస్తాడు, జట్టు గెలవడం మొదలుపెడుతుంది. ఇది ప్రతి ఏడాదీ, ప్రతి లీగ్‌లోనూ కనిపించేదే. కొత్త మేనేజర్ మంత్రం వేశాడని పత్రికలు రాస్తాయి. మరి మేనేజర్‌ని మార్చకపోతే ఏమయ్యేది? బాస్ టెర్ వేల్ అనే ఆర్థికవేత్త నెదర్లాండ్స్ లీగ్‌లో సరిగ్గా ఇదే చూశాడు. మేనేజర్‌ని తీసేసిన క్లబ్బులను, అంతే ఘోరంగా ఆడుతూ కూడా తీసేయని క్లబ్బులతో పోల్చాడు. రెండు రకాల క్లబ్బులూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి.

కారణం వెతకాలంటే ఫుట్‌బాల్‌లో గోల్స్ ఎంత తక్కువో గుర్తు చేసుకోవాలి. రెండు జట్లూ కలిసి కొట్టేవి మ్యాచ్‌కి సగటున మూడు కూడా ఉండవు. గోల్ వైపు కొట్టిన పది షాట్లలో లోపలికి వెళ్లేది సుమారు ఒకటి. క్రికెట్‌లో వందల బంతుల మీద నైపుణ్యం బయటపడుతుంది, ఇక్కడ ఒక్క బంతి ఎవరి మోకాలికో తగిలి దారి మారితే మ్యాచ్ అయిపోతుంది. లెక్కగా చూద్దాం. మీ జట్టు ఆడే తీరుకి మ్యాచ్‌కి సగటున 1.5 గోల్స్ రావాలి, ఎదుటి జట్టుకి 1 గోల్ రావాలి అనుకోండి. మీ జట్టు స్పష్టంగా మెరుగు. ఇంటర్‌లో చదివే పాయిజాన్ విభాజనం ప్రకారం లెక్కిస్తే మీ జట్టు గెలిచే సంభావ్యత 49 శాతం, డ్రా 26 శాతం, ఓటమి 25 శాతం. అంత మెరుగైన జట్టు కూడా సగం మ్యాచ్‌లు గెలవదు, నాలుగింట ఒకటి ఓడుతుంది. వరసగా నాలుగు మ్యాచ్‌లలో ఒక్క గెలుపూ లేకుండా పోయే అవకాశం దాదాపు 7 శాతం. ఇరవై జట్లు, జట్టుకి 38 మ్యాచ్‌లు ఆడే లీగ్‌లో ఏడు శాతం అంటే ఏటా చాలాసార్లు జరిగే మాటే. అలా జరిగినప్పుడల్లా ఎవరో ఒకరి ఉద్యోగానికి ఎసరు వస్తుంది.

జ్వరం బాగా పెరిగిన రాత్రే ఇంట్లోవాళ్లు పిల్లాడికి తాయెత్తు కట్టిస్తారు. తెల్లారేసరికి జ్వరం దిగితే ఆ పేరు తాయెత్తుకే వస్తుంది. మేనేజర్‌ని మార్చేది కూడా జట్టు అట్టడుగున ఉన్నప్పుడే. అక్కడ అసమర్థతతో పాటు దురదృష్టం కూడా పోగుపడి ఉంటుంది. అసమర్థత అలాగే ఉండొచ్చు, దురదృష్టం మాత్రం అదే పనిగా కొనసాగదు. అది మామూలు స్థాయికి వచ్చేసరికి మైదానం పక్కన డగౌట్‌లో నిలబడి ఉన్నది కొత్త మేనేజర్. ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో తల్లిదండ్రుల, పిల్లల ఎత్తుల మీద గమనించింది ఇదే. బాగా పొడుగైన తల్లిదండ్రుల పిల్లలు సగటుకంటే పొడుగే, కానీ తల్లిదండ్రులంత తేడాతో కాదు. అసాధారణమైన కొలత తర్వాత వచ్చే కొలత సగటుకి దగ్గరగా జరుగుతుంది.

మాంచెస్టర్ యునైటెడ్ అభిమానులకు ఇది బాగా అనుభవం. 2018 డిసెంబర్‌లో జోసే మొరీనియోని తీసేసి, తమ పాత ఆటగాడు ఓలే గున్నార్ సోల్షేర్‌ని తాత్కాలికంగా పెట్టారు. మొదటి 19 మ్యాచ్‌లలో 14 గెలుపులు. స్టాండ్స్‌లో అతని పేరు మోగిపోయింది. 2019 మార్చి 28న పూర్తికాలపు మేనేజర్‌ని చేశారు. ఆ సీజన్‌లో మిగిలిన 10 మ్యాచ్‌లలో గెలిచింది రెండే. అతను మార్చికి ముందు మేధావీ కాదు, తర్వాత అసమర్థుడూ కాదు. రెండు వైపులా అదృష్టం వాటా ఉంది.

క్లోప్ విషయంలో ఆ మొదటి ఊపు కూడా లేదు. మొదటి మూడు మ్యాచ్‌లూ డ్రా. రోడ్జర్స్ ఆ సీజన్‌లో ఎనిమిది లీగ్ మ్యాచ్‌లలో 12 పాయింట్లు తెచ్చాడు, మ్యాచ్‌కి 1.5. మిగిలిన 30 మ్యాచ్‌లలో క్లోప్ తెచ్చినవి 48, మ్యాచ్‌కి 1.6. చివరికి ఎనిమిదో స్థానం. పాయింట్ల పట్టిక ఒక్కటే చూసి మాట్లాడేవాళ్లు ఆ మే నెలలో ఈ నియామకం దండగ అనవచ్చు.

లివర్‌పూల్ క్లబ్‌లో పట్టిక ఒక్కటే చూడని మనిషి ఒకాయన అప్పట్లో ఉండేవాడు. ఇయాన్ గ్రాహమ్, కేంబ్రిడ్జ్‌లో సైద్ధాంతిక భౌతికశాస్త్రంలో డాక్టరేట్ చేసి క్లబ్ పరిశోధన విభాగాన్ని నడిపిన వ్యక్తి. క్లోప్ డార్ట్‌మండ్‌లో గడిపిన చివరి సీజన్, 2014-15, చూడ్డానికి చాలా దారుణం. ఒక దశలో లీగ్ అట్టడుగుకి పడిపోయి, ఎలాగో ఏడో స్థానంలో ముగించారు. క్లోప్ పని అయిపోయిందన్నారు. గ్రాహమ్ మాత్రం ఆ సీజన్ మ్యాచ్‌లను తన గణిత నమూనాలోకి ఎక్కించాడు. ఎక్కడి నుంచి షాట్ కొట్టారు, ఎన్ని మంచి అవకాశాలు సృష్టించారు, ఎన్ని ఎదుటివాళ్లకు ఇచ్చారు, ఇవే లెక్క. గోల్ పడిందా లేదా అన్నది పక్కన పెట్టి చూస్తే, ఆ జట్టు ఆడిన ఆటకి రెండో స్థానం రావాలి. అంటే ఏడో స్థానంలో పెద్ద భాగం దురదృష్టం. క్లోప్ లివర్‌పూల్ వచ్చిన కొన్ని వారాలకు గ్రాహమ్ ఆయన గదికి వెళ్లి, మైన్స్ అనే జర్మన్ క్లబ్‌తో డార్ట్‌మండ్ ఓడిన మ్యాచ్ అంకెలు చూపించాడు. ఆ మ్యాచ్‌లో తన జట్టు ఎంత పైచేయిగా ఆడిందో గుర్తొచ్చి, మీరూ చూశారు కదా అన్నట్టు క్లోప్ ఉత్సాహపడ్డాడు. గ్రాహమ్ ఆ మ్యాచ్ చూడలేదు. అంకెల్లోనే చదివాడు.

ఈ కథ నాకు ఎంతో ఇష్టం. మేనేజర్‌ని తీసేయడంలో అందరూ చేసే పొరపాటు దురదృష్టాన్ని అసమర్థతగా చదవడం. ఇక్కడ ఒక క్లబ్ అదే దురదృష్టాన్ని దురదృష్టంగానే చదివి, మిగతావాళ్లు సందేహించిన మనిషిని తెచ్చుకుంది. 2019లో యూరప్ చాంపియన్స్ లీగ్, 2020లో ముప్పై ఏళ్ల తర్వాత ఇంగ్లండ్ లీగ్ వచ్చాయి.

అభిమానుల వాటా దగ్గరికి వద్దాం. తొలి విలేకరుల సమావేశంలోనే క్లోప్ వాళ్లను ఒకటి అడిగాడు, అనుమానం వదిలి నమ్మడం మొదలుపెట్టమని. దాదాపు నెల తర్వాత, నవంబర్ 8న, ఎదుటి జట్టు క్రిస్టల్ ప్యాలెస్ 82వ నిమిషంలో గోల్ కొట్టగానే లివర్‌పూల్ సొంత మైదానమైన ఆన్‌ఫీల్డ్ స్టేడియంలో జనం లేచి ఇళ్లకు బయల్దేరారు. ఆ క్షణంలో తాను ఒంటరినైపోయినట్టు అనిపించిందని ఆయన బాహాటంగానే చెప్పాడు. డిసెంబర్ 13న వెస్ట్ బ్రామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు ఒరీగి 96వ నిమిషంలో కొట్టిన గోల్‌తో మ్యాచ్ 2-2 డ్రా అయింది. క్లోప్ ఆటగాళ్లందరినీ చేతులు పట్టుకుని వరసగా, ఆన్‌ఫీల్డ్‌లో వీరాభిమానులు కూర్చునే కాప్ స్టాండ్ ముందుకు తీసుకెళ్లి అభిమానులకు కృతజ్ఞత చెప్పించాడు. ఓ చిన్న జట్టుతో డ్రాకి ఇంత సంబరమా అని మిగతా క్లబ్బుల వాళ్లు ఎగతాళి చేశారు.

ఎగతాళి చేసినవాళ్లకు తెలియని ప్రయోగం ఒకటి అదే ఆన్‌ఫీల్డ్‌లో అంతకు చాలా ముందు జరిగిన ఒక మ్యాచ్‌తో చేశారు. 2002లో అలన్ నెవిల్ బృందం లివర్‌పూల్, లెస్టర్ జట్ల పాత మ్యాచ్ వీడియోలోంచి 47 ట్యాకిల్స్ (ఎదుటివాడి నుంచి బంతి లాక్కునే ప్రయత్నాలు) తీసుకుని 40 మంది అర్హత గల రిఫరీలకు చూపించింది. కొంతమందికి జనం అరుపులతో, మిగతావాళ్లకు శబ్దం లేకుండా. అరుపులు విన్నవాళ్లు సొంత జట్టు మీద 15.5 శాతం తక్కువ ఫౌల్స్ ఇచ్చారు. బయటి జట్టును ఎక్కువ శిక్షించారని కాదు, సొంత జట్టు మీద విజిల్ ఊదడానికి తటపటాయించారు. వాళ్లెవరూ మైదానంలో లేరు, జనానికి భయపడాల్సిన పని లేదు. చెవిలో పడ్డ హోరు ఒక్కటే చాలింది.

కోవిడ్ కాలం దీన్ని లీగ్ మొత్తం మీద చూపించింది. దాదాపు అన్ని మ్యాచ్‌లూ ఖాళీ స్టేడియాల్లో జరిగిన 2020-21లో ప్రీమియర్ లీగ్‌లో సొంత మైదానం గెలుపులు 144, బయటి జట్ల గెలుపులు 153. బయటి జట్లు ఎక్కువ గెలవడం ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్ చరిత్రలో అదే మొదటిసారి. లివర్‌పూల్ అంతవరకు ఆన్‌ఫీల్డ్‌లో వరసగా 68 లీగ్ మ్యాచ్‌లు ఓడకుండా ఆడింది. 2021 తొలి నెలల్లో అదే మైదానంలో వరసగా ఆరు ఓడింది. మేనేజర్ అదే క్లోప్. వాన్ డైక్ లాంటి డిఫెండర్లు గాయపడి దూరమవడం పెద్ద కారణం, దాన్ని తక్కువ చేయలేం. అయినా కాప్ స్టాండ్ నిండుగా ఉండి ఉంటే ఆరూ ఓడేవాళ్లని నేను అనుకోను.

మన హైదరాబాద్ ఎఫ్‌సీలోనూ ఈ లెక్కను చూడొచ్చు. 2019-20లో ఐఎస్‌ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) చివరి స్థానం, సీజన్ మధ్యలోనే కోచ్ మార్పు. తర్వాతి సీజన్‌కి నియమించుకున్న ఆల్బర్ట్ రోకా, ఆట మొదలుకాక ముందే బార్సిలోనాకి వెళ్లిపోయాడు. 2020 ఆగస్టులో మనోలో మార్కెజ్ వచ్చాడు. చివరి నుంచి ఐదో స్థానానికి ఎగబాకడంలో సగటుకి చేరుకోవడం కొంత ఉందనుకోవచ్చు. ఐదు నుంచి 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీల్లో కప్పు గెలవడం దాకా వచ్చిన దూరాన్ని అదొక్కటే వివరించలేదు. అక్కడ కోచ్ పని కనిపిస్తుంది. ఒకటి రెండు సీజన్లు గడిస్తేనే కనిపిస్తుంది.

మేనేజర్ ప్రభావాన్ని కొలవాలంటే జట్టు కుప్పకూలినప్పుడు జరిగే మార్పులు పనికిరావు, బాగున్నప్పుడు జరిగే మార్పు కావాలి. అలాంటివి చాలా అరుదు. లివర్‌పూల్‌లోనే ఒకటి జరిగింది. 2024లో క్లోప్ తనంతట తాను తప్పుకున్నాడు, జట్టు మూడో స్థానంలో ఉంది. మే 19న వీడ్కోలు మ్యాచ్ తర్వాత మైక్ పట్టుకుని, రాబోయే మేనేజర్ ఆర్నే స్లాట్ పేరుతో పాటను ఆయనే జనంతో పాడించాడు. పుంజుకోవడానికి దురదృష్టమేదీ పోగుపడి లేదు. ఆ సీజన్‌లో ఆడించడానికి స్లాట్‌కి దొరికిన కొత్త ఆటగాడు ఫెడెరికో కియేజా ఒక్కడే, అతను లీగ్‌లో బరిలోకి దిగింది కొద్ది మ్యాచ్‌లకే. మిగతా జట్టంతా పాతదే. 2025 ఏప్రిల్ 27న, ఇంకా నాలుగు మ్యాచ్‌లు మిగిలి ఉండగానే, నిండిన ఆన్‌ఫీల్డ్‌లో టోటెన్‌హామ్‌ని 5-1తో ఓడించి లివర్‌పూల్ తన ఇరవయ్యో టైటిల్ అందుకుంది.