నాన్న గెలిచిన కప్పు

ప్రియమైన పిల్లలకు,

"ప్రెసిడెంట్ గోల్ కొట్టడు కదా తాతయ్యా, మరి ఆయనకెందుకంత పేరు?" అని మొన్న ఫోన్లో అడిగారు. ఇటలీ ఫుట్‌బాల్ క్లబ్ ఇంటర్ మిలాన్‌కి ప్రెసిడెంట్‌గా ఉన్న మస్సిమో మొరాట్టి కథ చెబుతాను, వినండి.

వాళ్ల నాన్న ఆంజెలో మొరాట్టి ఇటలీలో చమురు వ్యాపారి. సార్డీనియా దీవిలో పెద్ద రిఫైనరీ పెట్టాడు. 1955లో ఇంటర్ మిలాన్ ప్రెసిడెంట్ అయ్యాడు. 1960లో హెలేనియో హెర్రేరాని కోచ్‌గా తెచ్చాక క్లబ్ దశ తిరిగింది. 1964, 1965ల్లో వరసగా యూరోపియన్ కప్ ఇంటర్‌దే. యూరప్ క్లబ్బులన్నిట్లో పెద్ద కప్పు అది, ఇప్పుడు ఛాంపియన్స్ లీగ్ అంటున్నాం. మంచి కోచ్‌ని పట్టుకోవడం, డబ్బు సర్దడం, ఓడినప్పుడు తిట్లు తినడం: ప్రెసిడెంట్ పనంటే అదే.

1995లో మస్సిమో అదే క్లబ్‌ని కొన్నాడు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునే రకం కాదు, సొంత డబ్బు ధారపోశాడు. 1997లో ప్రపంచ రికార్డు ధరకి బ్రెజిల్ రొనాల్డోని తెచ్చాడు. ఆ అబ్బాయికి మోకాలు దెబ్బతింది. నెలల తర్వాత, 2000 ఏప్రిల్‌లో రోమ్‌లో మళ్లీ ఆటలోకి దిగాడు. కొద్ది నిమిషాలే. బంతితో ముందుకెళుతూ, ఎవరూ తగలకుండానే, మోకాలు పట్టుకుని కూలిపోయాడు. ఆ తర్వాత కూడా మొరాట్టి అతన్ని వదులుకోలేదు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

2002 మే 5న రోమ్ క్లబ్ లాజియో మీద గెలిస్తే ఇటలీ లీగ్ టైటిల్ ఇంటర్‌దే. రెండుసార్లు ఆధిక్యంలోకి వెళ్లి కూడా 4-2తో ఓడి, మూడో స్థానానికి జారిపోయారు. రొనాల్డో బెంచీ మీద కూర్చుని ఏడ్చేశాడు.

నాన్న హయాంలో ఆడిన జచింతో ఫకెత్తిని 2004లో ప్రెసిడెంట్ కుర్చీలో కూర్చోబెట్టి, మస్సిమో తను పక్కకు తప్పుకున్నాడు. 1965 యూరోపియన్ కప్ సెమీఫైనల్లో లివర్‌పూల్ మీద గోల్ కొట్టిన డిఫెండర్ ఆయన. 2006లో క్యాన్సర్‌తో పోయాడు. ఆయన 3వ నంబరు జెర్సీని క్లబ్ ఇంకెవరికీ ఇవ్వలేదు. మస్సిమో మళ్లీ ఆ కుర్చీలోకి వచ్చాడు.

2010 మే 22, మాడ్రిడ్‌లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. మనకప్పుడు అర్ధరాత్రి దాటింది. మీ అమ్మమ్మ నిద్ర లేస్తుందేమోనని టీవీ సౌండ్ తగ్గించి చూశాను. జర్మనీ క్లబ్ బయర్న్ మీద ఇంటర్ ఆటగాడు డియెగో మిలిటో రెండు గోల్స్ కొట్టాడు, కప్పు ఇంటర్‌దే. లీగ్, ఇటలీ కప్పు అప్పటికే చేతిలో ఉన్నాయి. ఒకే సీజన్లో మూడూ గెలిచిన మొదటి ఇటలీ క్లబ్ ఇంటరే. నాన్న గెలిచిన 45 ఏళ్లకి, తనకి 65 నిండాక, ఆ కప్పు మళ్లీ ఇంటికొచ్చింది. ఆంజెలో 1981లోనే పోయాడు, చూడలేదు.

సెలవులకు రండి, మిలిటో రెండో గోల్ కలిసి చూద్దాం. డిఫెండర్‌ని ఎలా తిప్పేశాడో మీకు చూపించాలి.

మీ తాతయ్య