పళ్ళు లేని రంపం

చిరంజీవి పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. మొన్న మీరు నా పాత రాయి కోసే బ్లేడు చేతిలోకి తీసుకుని, "దీనికి పళ్ళే లేవు, ఇదేం రంపం తాతయ్యా?" అన్నారు. దాని మీద డైమండ్ అని రాసి ఉండటం చూసి "వజ్రమేదీ, మెరవదే?" అని చిన్నది అడిగింది. బస్సు టైమైపోతోందని ఏదో చెప్పి పంపేశాను. అది జవాబు కాదని నాకే తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

వజ్రాలు ఆ బ్లేడులోనే ఉన్నాయి. అంచు చుట్టూ అతికించిన చిన్న బిళ్ళలు చూశారు కదా, సెగ్మెంట్లంటాం వాటిని. సన్నటి ఇసుకరేణువులంత వజ్రాలను లోహపు పొడిలో కలిపి, అచ్చులో పోసి, వేడి చేసి గట్టిగా నొక్కితే ఆ బిళ్ళ తయారవుతుంది. బిళ్ళ లోపలి దాకా వజ్రాలే. నగల్లో వాటిలా తెల్లగా ఉండవు, చాలావాటికి పసుపు ఛాయ ఉంటుంది. మెరవాల్సిన పని వాటికి లేదు.

రంపం చెక్కను కోసినట్టు ఈ బ్లేడు రాయిని కోయదు, గీరుతుంది. ఒక్కో రేణువు ఒక్కో సన్నటి గీత గీస్తుంది. బ్లేడు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంటే ఆ గీతలన్నీ కలిసి కోత అవుతుంది, రాయి పొడై బయటికొస్తుంది. నీళ్ళు పోస్తూ కోసేది వేడి తగ్గడానికీ, ఈ పొడి కొట్టుకుపోవడానికీ. నీళ్ళు లేకుండా కోస్తే దుమ్ములోని సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే, ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ అనే జబ్బు తెస్తుంది. మేం ముక్కుకు గుడ్డ కట్టుకుంటే చాలనుకునేవాళ్ళం. చాలదు.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన సంగతి. బాగా గట్టి రాయిని కోయాలంటే వజ్రాల్ని పట్టుకునే లోహం ఎలా ఉండాలంటారు? గట్టిగా ఉండాలనే మీరంటారు, కొత్తలో నేనూ అలాగే అన్నాను. నిజానికి మెత్తగా ఉండాలి! వజ్రం కూడా పనిచేసీ చేసీ మొద్దుబారుతుంది, విరుగుతుంది. అలాంటిది రాలిపోయి లోపలున్న కొత్త రేణువు పైకి తేలాలంటే చుట్టూ ఉన్న లోహం అరగాలి. గట్టి రాయి పొడి సన్నగా ఉంటుంది, లోహాన్ని పెద్దగా అరగదీయదు. అందుకని దానికి మెత్తటి లోహం. తారురోడ్డు లాంటి గరుకు సరుకు లోహాన్ని ఇట్టే తినేస్తుంది, దానికి గట్టి లోహం. ఈ జత తప్పితే బ్లేడు అంచు అద్దంలా నున్నబడి, ఎంత అదిమినా కోయదు. అప్పుడు దాన్ని గరుకు ఇటుక మీద నాలుగైదుసార్లు ఆడిస్తే లోహం అరిగి వజ్రాలు మళ్ళీ బయటపడతాయి. రంపానికి పళ్ళు మొలిపించడమన్నమాట.

వజ్రం దేన్నైనా కోస్తుందని మాత్రం అనుకోకండి. పనిలో చేరిన కొత్తలో, కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థంతో చేసిన పనిముట్లకు పదును పెట్టే డైమండ్ వీల్ మీద, అంటే వజ్రపు రేణువులున్న సానచక్రం మీద, ఎవరూ చూడకుండా ఒక ఉక్కు ముక్క పెట్టి అరగదీశాను. వీల్ పాడైంది. ఫోర్‌మన్ పెట్టిన చీవాట్లు ఇక్కడ రాయను. సంగతేమిటంటే వజ్రమంటే కార్బన్. రాపిడికి వేడెక్కిన ఇనుము కార్బన్‌ను తనలోకి లాగేసుకుంటుంది. అంటే ఇనుము వజ్రాన్ని తినేస్తుంది. అందుకే గట్టి ఉక్కుకు క్యూబిక్ బోరాన్ నైట్రైడ్ అనే వేరే పదార్థం వాడతారు. 1957లో తయారైంది, గట్టిదనంలో వజ్రం తర్వాతి వరుసలో ఉంటుంది.

తమాషా ఏమిటంటే, ఈ ఇనుము ఆకలే వజ్రాన్ని పుట్టిస్తుంది కూడా. పెన్సిల్లో ఉండే గ్రాఫైట్‌ను కరిగిన ఇనుము, నికెల్ లాంటి లోహాలతో కలిపి, వాతావరణ పీడనానికి 50 వేల రెట్ల పైచిలుకు ఒత్తిడిలో, సుమారు 1,400 డిగ్రీల వేడిలో ఉంచితే, కార్బన్ లోహంలో కరిగి, వజ్రంగా పేరుకుని బయటికొస్తుంది. స్వీడన్‌లో ఏఎస్ఈఏ కంపెనీ వాళ్ళు 1953లోనే ఇది సాధించి గుట్టుగా ఉండిపోయారు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు 1954 డిసెంబరులో చేసి, 1955లో లోకానికి చాటారు. పేరు వాళ్ళకే వచ్చింది. ఇవాళ పరిశ్రమల్లో వాడే వజ్రాలు దాదాపు అన్నీ ఇలా ఫ్యాక్టరీల్లో చేసినవే.

పళ్ళ డాక్టరు దగ్గర గుయ్యిమనే బుల్లి డ్రిల్లు కొనకు చాలాసార్లు వజ్రపు పొడే ఉంటుంది. సోలార్ పలకల సిలికాన్‌ను పల్చటి రేకుల్లా కోసే తీగకూ అదే పూత. భూమి లోపల ఏ రాయి ఉందో తెలుసుకోవడానికి వాడే డ్రిల్ బిట్ నాకింకా నచ్చుతుంది. అది మధ్యలో బోలుగా, ఉంగరంలా ఉంటుంది. వజ్రాలున్న అంచు చుట్టూ కోసుకుంటూ దిగితే, నడుమ రాయి చెక్కుచెదరకుండా పొడవాటి కడ్డీలా గొట్టంలోకి వస్తుంది. వరుసలు వరుసలుగా నేల లోపలి పొరలన్నీ అందులో కనిపిస్తాయి.

అన్నట్టు, వజ్రాన్ని సుత్తితో కొడితే పగలదని ఎవరైనా అంటే పందెం కాయండి. శుభ్రంగా పగులుతుంది. గీత పడకపోవడం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు.

ఆ బ్లేడు అల్మరాలోనే పెట్టాను. ఈసారి భూతద్దం తెచ్చుకోండి. అంచుమీద ప్రతి రేణువు వెనకా లోహం అరగకుండా తోకలా మిగిలి ఉంటుంది, తోకచుక్క ఉన్నట్టే. ఆ తోకలు ఎటున్నాయో చూసి, బ్లేడు ఏ వైపు తిరిగేదో మీరే చెప్పాలి. దాని మీద బాణం గుర్తు ఉంది కానీ, నేను కాగితం అంటించేశాను.

మీ తాతయ్య