కప్పతల్లి నుంచి కళాజాతా దాకా

విశాఖపట్నం బీచ్ రోడ్డులో భూతాపం మీదో, సముద్రపు కోత మీదో ఒక వీధినాటకం వేస్తే, ఇది ఈమధ్య విదేశాల నుంచి దిగిన వాడుక అని చూసేవారికి అనిపించవచ్చు. ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సుల కాలానికి పలు దేశాల్లో చిన్న నాటికలు వేయించే క్లైమేట్ చేంజ్ థియేటర్ యాక్షన్ 2015లో మొదలైన మాట నిజమే. ఉత్తరాంధ్రలో మాత్రం ఈ కథకు వేళ్లు ఇంకా లోతున ఉన్నాయి.

వానలు మొహం చాటేసిన ఏడాది రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటా బిందెలతో నీళ్లు పోయించుకునే కప్పతల్లి ఆట, ఊరంతా కూర్చుని విరాటపర్వం చదివించుకోవడం తెలుగు పల్లెలకు కొత్తవి కావు. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల యాదవులు రొమ్ముకు కట్టుకున్న రేకు గుళ్లను రెండు చేతులా వాయిస్తూ ఆడే తప్పెటగుళ్లకు కూడా వానదేవుణ్ణి వేడుకునే ఆనవాయితీ ఉంది. ఇవన్నీ దేవుడికి పెట్టుకున్న అర్జీలే తప్ప, మనుషుల్లో ఎవరినీ నిలదీసేవి కావు.

నిలదీసే పనిని 1943లో ఏర్పడిన వామపక్ష కళాసంఘం ప్రజానాట్యమండలి తలకెత్తుకుంది. 1942 అక్టోబరులో బెంగాల్‌లోని మేదినీపూర్ తీరాన్ని తుపాను ముంచెత్తి పంటను పాడుచేసింది. కానీ మరుసటి ఏడాది లక్షల ప్రాణాలు తీసిన కరువుకు యుద్ధకాలపు ప్రభుత్వ విధానాలు, దాచిపెట్టిన ధాన్యం, చుక్కలనంటిన బియ్యం ధర అంతకు మించిన కారణాలు. మండలి కళాకారుడు షేక్ నాజర్ ఆ కరువును బుర్రకథగా చెప్పారు. ఈ ప్రక్రియ కట్టుబడిలోనే ఒక సదుపాయం ఉంది. నడుమ కథకుడు తంబురా మీటుతూ కథ నడుపుతుంటే, గుమ్మెటలు పట్టిన ఇద్దరు వంతల్లో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. పల్నాటి యుద్ధం మధ్యలో సైతం రాజకీయపు వంత నిన్నటి రేషను బియ్యం సంగతి ఎత్తగలడు, వినేవారికి అది కథలో భాగంగానే తోస్తుంది. నాటి మద్రాసు, నిజాం ప్రభుత్వాలు బుర్రకథ మీద నిషేధం పెట్టడానికి ఆ వంతే కారణమని నేను అనుకుంటాను. ప్రదర్శనలను ఆపే అధికారమిచ్చిన 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం రద్దయింది 2018లోనే అంటే, పాలకులకు ఆ భయం ఎంతకాలం నిలిచిందో తెలుస్తుంది.

తర్వాతి మలుపు కేరళలో వచ్చింది. జనానికి సైన్సును చేరవేసే అక్కడి శాస్త్ర సాహిత్య పరిషత్తు 1980లో ఊరూరా తిరిగి పాటలు, నాటికలు ప్రదర్శించే కళాజాతాలు మొదలుపెట్టి, సైలెంట్ వ్యాలీ అడవిని కాపాడే ఉద్యమానికీ అండగా నిలిచింది. ఆ పద్ధతే 1990ల తొలినాళ్లలో అక్షరాస్యత ఉద్యమంతో తెలుగు జిల్లాలకు చేరింది. సిక్కోలు తీరంలో సోంపేట బీల అనే చిత్తడి నేల కోసం జనం థర్మల్ కేంద్రాన్ని ఎదిరించి, 2010 జూలై 14న తూటాలకు ఎదురొడ్డిన పోరాటంలో వినిపించిన మాటలు నీరు, భూమి, చేపలే. కర్బన ఉద్గారాలనే మాట నగరం నుంచి ఆ తర్వాత వచ్చి చేరింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కైలాసగిరి పచ్చదనాన్ని ఒక్క పూటలో ఊడ్చేశాక, విశాఖలో తుపాను కథ చెప్పడానికి పరిచయవాక్యాలు అక్కర్లేకపోయింది. చిక్కల్లా నేరం ఎవరి మీద మోపాలన్న దగ్గరే. ఆర్.కె. బీచ్ కోతనే తీసుకుంటే, దానికంతటికీ పెరుగుతున్న సముద్రమట్టమే కారణమని వేదిక మీద చెబితే అది సగం నిజమే. తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి సాగే ఇసుకకు 1970ల్లో కట్టిన ఔటర్ హార్బర్ అడ్డుగోడలు అడ్డం పడ్డాయి. అందుకే పోర్టు డ్రెడ్జర్లు ఇసుకను తవ్వి తెచ్చి ఆ బీచ్‌లో పోస్తుంటాయి. కెరటాలు దాన్ని మళ్లీ లాక్కుపోతుంటాయి. నగరంలో నేను చూసిన పర్యావరణ నాటికల్లో భూమాత కన్నీళ్లు పెట్టుకోవడం ఉంటుంది గానీ, ఈ ఇసుక లెక్క ఎత్తే రాజకీయపు వంత ఉండడు.