బ్లాక్‌చెయిన్‌లో ఎక్కితే ఎప్పటికీ పోదా? కొన్ని అపోహలు, వాస్తవాలు

అమలాపురంలో కూర్చుని బ్లాక్‌చెయిన్ (లావాదేవీలను బ్లాకులుగా గొలుసుకట్టి చాలా కంప్యూటర్లలో ఉంచే పద్దు) పాత డేటా భద్రపరుస్తుంటానని తెలిస్తే, పెళ్లి భోజనాల దగ్గర మొదటి ప్రశ్న "బిట్‌కాయిన్ ఇంకా పెరుగుద్దా బాబూ?" అని. దానికి నా దగ్గర జవాబు లేదు. రెండోది "ఒకసారి ఎక్కితే పోదంట కదా, మరి నువ్వు దాచేదేంటి?" ఇది అసలైన ప్రశ్న.

అపోహ: బ్లాక్‌చెయిన్‌లో పడింది శాశ్వతం.

మారిస్తే దొరికిపోతుంది, అంతవరకే గ్యారంటీ. ప్రతి బ్లాకులో ముందు బ్లాకు హ్యాష్ (డేటా నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి కోడ్) ఉంటుంది కాబట్టి పాత బ్లాకులో ఒక్క అంకె మార్చినా ఆ తర్వాత లెక్క కుదరదు. కానీ కాపీ ఎవరి దగ్గరా లేకపోతే హ్యాష్‌ను పట్టుకుని డేటాను వెనక్కి రాబట్టలేం. ఎథీరియం అనే ఇంకో బ్లాక్‌చెయిన్‌లో 2024 మార్చి నుంచి వాడుతున్న బ్లాబ్‌లనైతే (కొన్నాళ్లే ఉంచే పెద్ద డేటా ముక్కలు) నోడ్‌లు, అంటే చెయిన్‌ను నడిపే కంప్యూటర్లు, దాదాపు 18 రోజులే ఉంచుకుంటాయి. ఆ తర్వాత పోవడం లోపం కాదు, అలాగే తయారు చేశారు.

అపోహ: అందరి దగ్గరా మొత్తం కాపీ ఉంటుంది.

బిట్‌కాయిన్ ప్రూన్డ్ నోడ్ అన్ని బ్లాకులనూ తనిఖీ చేస్తుంది, కానీ పాతవి చెరిపేసి 550 ఎంబీ బ్లాకులతోనూ నడుస్తుంది. ఎథీరియంలో 2022 సెప్టెంబరులో జరిగిన మెర్జ్ అనే పెద్ద మార్పుకు ముందున్న చరిత్రను వదిలేసే వీలు 2025 జులైలో వచ్చింది. దాంతో నోడ్‌కి 300 నుంచి 500 జీబీ దాకా ఖాళీ అవుతుంది. నాకైతే ఇది మంచి నిర్ణయమే అనిపించింది. డిస్కులు కొనలేక జనం నోడ్‌లే ఆపేస్తే ఇంకా నష్టం. కాకపోతే ఆ బరువు ఇప్పుడు ఎవరో ఒకరు కావాలని మోయాలి.

అపోహ: అలా మోసేవాళ్లను గుడ్డిగా నమ్మాలి.

అక్కర్లేదు. మెర్జ్‌కు ముందు చరిత్రంతా ఎరా1 అనే ఫైళ్లలో దొరుకుతుంది. ఫైలుకి 8,192 బ్లాకులు, మొత్తం 1,897 ఫైళ్లు. ఫైలు పేరు చివరి ఎనిమిది అక్షరాలు లోపలి బ్లాకుల నుంచి లెక్కగట్టిన హ్యాష్‌లో మొదటి ముక్క. టొరెంట్‌లో ముక్కూమొహం తెలియనివాడి దగ్గర దించుకున్నా, ఆ లెక్క మళ్లీ వేసి అందరి దగ్గరా ఉన్న పూర్తి హ్యాష్‌ల జాబితాతో పోల్చుకుంటే చాలు. తేడా వస్తే పారేసి ఇంకొకరి దగ్గర తీసుకోవడమే. నా రెండో కాపీ హైదరాబాద్‌లో చెల్లి ఇంట్లో ఉంటుంది. ఇక్కడ తుపానొస్తే కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పలేం, ఉప్పుగాలికి మెషీన్లు ఊరికే తుప్పు పడతాయి.

అపోహ: ఎక్స్‌ప్లోరర్ సైటే బ్లాక్‌చెయిన్.

కాదు. అది చెయిన్‌లోని లావాదేవీలను వెతికి చూపించే సైటు, ఒకరి డేటాబేస్, ఒకరి సర్వర్. వాళ్లు కట్టేస్తే సైటు పోతుంది, చెయిన్ పోదు.

అపోహ: పొలం కాగితం హ్యాష్ ఎక్కిస్తే పొలం మనదే.

ఆ ఫైలు ఆ సమయానికే ఉందని మాత్రం రుజువవుతుంది. అందులో రాసింది నిజమా, హద్దులు సరైనవేనా అన్నది హ్యాష్‌కి తెలియదు. దానికి రిజిస్ట్రేషన్ ఆఫీసు, సర్వేయరు ఉండాల్సిందే. ఇంకో చిక్కుంది. దస్తావేజు స్కాన్ పోగొట్టుకుని అదే కాగితాన్ని మళ్లీ స్కాన్ చేస్తే ఇంకో హ్యాష్ వస్తుంది, పాతదానితో కలవదు. వాట్సాప్‌లో ఫోటోగా పంపినా కుదించేస్తుంది కాబట్టి అదే గతి. అందుకే హ్యాష్ వేసిన ఫైలును ఉన్నది ఉన్నట్టు రెండు మూడు చోట్ల దాచండి. ఎవరికైనా పంపాల్సి వస్తే ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి.